కొత్త వెర్షన్ వచ్చినప్పటి నుంచి తెరుచుకోని వీడియో ప్లేయర్ గురించి ఫిర్యాదు

హనుమకొండ

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

విషయం: చందా అమలులో ఉండగానే ప్లేయర్ పనిచేయకుండా పోవడం, అందులో దాచుకున్న గుర్తులు (బుక్‌మార్కులు) నాకు అందకుండా పోవడం.

ఆర్యా,

ఏడాది చందా కట్టి నేను వాడుకుంటున్న మీ వీడియో ప్లేయర్ గత నెల 9వ తేదీన నన్ను అడగకుండానే కొత్త వెర్షన్‌కు మారింది. ఆనాటి నుంచి అది తెరుచుకోవడం లేదు. ఐకాన్ మీద రెండుసార్లు నొక్కితే మౌస్ బాణం పక్కన చక్రం ఒక్క క్షణం తిరిగి ఆగిపోతుంది. విండో రాదు, ఏం తప్పు జరిగిందో చెప్పే సందేశమూ రాదు. నడుస్తున్న ప్రోగ్రాములను చూపే టాస్క్ మేనేజర్‌లో చూస్తే ప్లేయర్ పేరు ఇలా కనబడి అలా మాయమవుతోంది.

మీ సహాయ విభాగానికి మూడుసార్లు రాశాను. మూడుసార్లూ వచ్చిన జవాబు ఒకటే: తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయమని. చేశాను. మీరు చెప్పకపోయినా సెట్టింగుల ఫోల్డర్ పేరు మార్చి చూశాను, గ్రాఫిక్స్ డ్రైవర్‌ను, ప్రోగ్రాములు నడవడానికి కావలసిన విజువల్ సీ ప్లస్ ప్లస్ రన్‌టైమ్ ఫైళ్లను మళ్లీ వేశాను, యాంటీవైరస్‌ను కాసేపు ఆపి కూడా ప్రయత్నించాను. ఫలితం లేదు. అవే వీడియో ఫైళ్లు వీఎల్‌సీ అనే మరో ప్లేయర్‌లో చక్కగా ఆడుతున్నాయి కనుక లోపం ఫైళ్లది కాదు.

చివరకు మా వీధిలో కంప్యూటర్లు బాగుచేసే అబ్బాయి, విండోస్‌లో లోపాల చిట్టా చూపే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, ప్లేయర్ ఆగిపోయిన ప్రతిసారీ అక్కడ 0ఎక్స్‌సి000001డి అనే కోడ్ నమోదవుతోందని చూపించాడు. ప్రాసెసర్‌కు తెలియని ఆదేశాన్ని ప్రోగ్రాం ఇచ్చినప్పుడు వచ్చే కోడ్ అది. నా కంప్యూటర్‌లో ఉన్నది 2012లో వచ్చిన ఇంటెల్ ఐ5-3470, మూడో తరం ప్రాసెసర్. దానికి ఒకేసారి ఎక్కువ లెక్కలు చేయించే ఏవీఎక్స్ అనే ఆదేశాలు తెలుసు గాని, ఇంటెల్ 2013లో నాలుగో తరంతో తెచ్చిన ఏవీఎక్స్2 తెలియదు. మీ కొత్త వెర్షన్‌ను ఏవీఎక్స్2 తప్పక ఉంటుందన్న లెక్కతో తయారుచేశారని నా అనుమానం. ఆ అనుమానం బలపడటానికి కారణం ఉంది. మా పక్కింటివారి నాలుగో తరం కంప్యూటర్‌లో, అదే విండోస్ 10 మీద, మీ కొత్త వెర్షన్ మొదటి నొక్కుకే తెరుచుకుంది. నా దగ్గర పెన్‌డ్రైవ్‌లో మిగిలిన మీ పాత వెర్షన్ నా కంప్యూటర్‌లో తెరుచుకుంది గాని, లాగిన్ కాగానే ‘ఈ వెర్షన్ ఇక చెల్లదు’ అని మూసుకుపోయింది. అంటే పనిచేసేదాన్ని మీరు ఆపేశారు, పనిచేయనిదాన్ని చేతిలో పెట్టారు.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసిన మాట నాకు తెలుసు. కానీ ‘64 బిట్ విండోస్ 10 ఉన్న ఏ కంప్యూటర్‌లోనైనా’ అని మీ అమ్మకపు పేజీలో ఈనాటికీ ఉంది. ప్రాసెసర్ గురించి అక్కడ ఒక్క ముక్క లేదు.

నాకు ఇది కాలక్షేపం వ్యవహారం కాదు. తెలుగు ఉపాధ్యాయుడిగా పనిచేసి విరమణ పొందిన నేను, ఐనవోలు మల్లన్న జాతరలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ చిత్రీకరించిన ఒగ్గు కథలను అక్షరబద్ధం చేస్తున్నాను. మినీడీవీ అనే చిన్న వీడియో క్యాసెట్లు 23. కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే గంటకు సుమారు 13 జీబీ చొప్పున దాదాపు 300 జీబీ. డోలు, తాళాల హోరులో ప్రధాన కథకుడి మాట ఎక్కడ ఆగి పక్కవాద్యగాడి వంత ఎక్కడ మొదలైందో తేల్చడానికి ఒకే చరణాన్ని వేగం తగ్గించి పదిసార్లు వినాలి. అందుకే డబ్బు కట్టి మీ ప్లేయర్ కొన్నాను. రెండేళ్లుగా అందులో పెట్టుకున్న వందలాది గుర్తులు, వాటి పక్కన రాసుకున్న పాఠభేదాలు మీ ప్లేయర్ తప్ప మరేదీ చదవలేని ఫైలులో ఉన్నాయి. వీడియో వేరేచోట చూసుకోగలను, ఆ రెండేళ్ల పనిని మళ్లీ చేయలేను. నా అసలు బాధ ఇదే.

కాబట్టి పాత వెర్షన్‌ను నా ఖాతాకు వెంటనే తిరిగి అనుమతించండి, లేదా ఏవీఎక్స్2 అవసరం లేని వెర్షన్ ఇవ్వండి. ఈ రెంటిలో ఏది చేసినా, నా గుర్తులను మామూలు టెక్స్ట్ ఫైలుగా బయటికి తీసి ఇవ్వడం మాత్రం తప్పనిసరి. రెండూ కుదరవంటే గత నెల 9 నుంచి మిగిలిన కాలానికి చందా వాపసు చేయండి. కొత్త కంప్యూటర్ కొనుక్కోమన్న సలహా మాత్రం దయచేసి మళ్లీ పంపవద్దు. మీ మూడో ఉత్తరం చివర అది ఉంది.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో లిఖితపూర్వకంగా జవాబు రాకపోతే 1915 నంబరులోని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేస్తాను. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం నేను నివసించే చోటే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించే వీలుంది కనుక, మీ కార్యాలయం ఏ నగరంలో ఉన్నా నాకు ఇబ్బంది లేదు.

చందా రసీదు, ఈవెంట్ వ్యూయర్ స్క్రీన్‌షాట్, మీ మూడు జవాబుల ప్రతులు, మీ అమ్మకపు పేజీ ముద్రిత ప్రతి జతపరిచాను.

ఇట్లు,
మీ చందాదారుడు