కావలిలో ఆ సాయంత్రం నా షాపులో ఆరు గంటలు కూర్చున్న తమ్ముడికి

ఇప్పటికి రెండు రాత్రులు సరిగ్గా నిద్ర లేదు. అయినా ఇది రాయకుండా పడుకుంటే మనసు ఒప్పదు.

మాది కావలి బస్టాండు దగ్గర చిన్న జిరాక్స్, డీటీపీ షాపు. రెండు సిస్టమ్స్ ఉన్నాయి. మూఢం పోయి ముహూర్తాలు మొదలైన వారం అది. తెల్లారేసరికి మూడు పెళ్ళిళ్ళ శుభలేఖలు ప్రూఫ్ ఇవ్వాలి. మధ్యాహ్నం రెండు సిస్టమ్స్‌లోనూ స్క్రీన్ నల్లబడి, కింద మూలన ‘యాక్టివేట్ విండోస్’ అని వచ్చింది. పోయిన ఆగస్టులో ఒరిజినల్ లైసెన్స్ అని చెప్పి, బిల్లు లేకుండా నా దగ్గర నాలుగున్నర వేలు తీసుకున్నతనికి ఫోన్ చేశాను. మళ్ళీ ఏడు వేలు కట్టకపోతే ఫైళ్ళన్నీ లాక్ అయిపోతాయన్నాడు. కౌంటర్ మీద తల పెట్టి ఏడ్చేశాను.

అప్పుడే ఒక అబ్బాయి వాళ్ళ నాన్నగారి పాసు పుస్తకం జిరాక్స్‌కి వచ్చాడు. ఒంగోలులో ఏదో ఆఫీసులో సిస్టమ్స్ చూస్తాడట, రైలుకి ఇంకా గంట టైముందట. “ఏందక్కా, ఏమైంది?” అని అడిగి, నేను చెప్పిందంతా అడ్డు రాకుండా విన్నాడు. ఒక నల్ల విండో తెరిచి ఏదో లైను కొట్టాడు. అయిదేసి అక్షరాల చొప్పున అయిదు ముక్కలుగా ఒక కీ కనిపించింది. “ఇది మీ సిస్టమ్ కొన్నప్పుడే దాని బోర్డులో పెట్టి ఇచ్చిన లైసెన్స్ అక్కా. మీరు అప్పుడే డబ్బు కట్టేశారు. మీది మీకే మళ్ళీ కొనమన్నారు, అంతే. ఇందులో మీ తప్పేం లేదు” అన్నాడు.

ఆ చివరి మాటకి ఆగిన ఏడుపు మళ్ళీ వచ్చింది. ఆరు నెలల నుంచి నన్నెవరూ ఆ మాట అనలేదు. అందరూ “చూసుకోవద్దా?” అన్నవాళ్ళే.

ఆ లైసెన్స్ అమ్మినతను ఎక్కించింది పెద్ద సంస్థలకు గుత్తగా ఇచ్చే రకం లైసెన్స్ అట. ఆ సంస్థ సర్వర్‌ని పలకరించకపోతే 180 రోజులకి చెల్లదు. తమ్ముడు ముందు పదకొండేళ్ళ శుభలేఖల ఫైళ్ళు, తెలుగు టైపింగ్‌కి వాడే అను ఫాంట్లు పెన్‌డ్రైవ్‌లోకి తీశాడు. తర్వాతే సిస్టమ్స్ ముట్టుకున్నాడు. మా రెండిట్లో కొత్త సిస్టమ్‌కి విండోస్ 11 రాదు, ఇంకోటి కొనాల్సిందే అని ఆ మనిషి చెప్పాడు కదా, అందులో టీపీఎం అనే సెక్యూరిటీ చిప్ ఆఫ్‌లో ఉంది, అంతే! ఆన్ చేస్తే రూపాయి ఖర్చు లేకుండా 11 ఎక్కింది, దానంతటదే యాక్టివేట్ అయింది. పాత దానిది ఇంటెల్ ఆరో తరం ప్రాసెసర్, 11కి ఎనిమిదో తరం నుంచే కావాలి. విండోస్ బదులు వాడే లినక్స్ ఉచితమే కానీ, మేం శుభలేఖలు చేసే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ దాంట్లో నేరుగా నడవదు. అందుకని ఆ పాత సిస్టమ్‌లో విండోస్ 10నే దాని సొంత లైసెన్స్‌తో మళ్ళీ వేసి, పేజ్‌మేకర్ ఎక్కించి, సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ దాకా వచ్చేలా నమోదు చేశాడు. దానికి 30 డాలర్లు, కానీ మన అకౌంట్‌తో సెట్టింగ్స్ బ్యాకప్ పెట్టుకుంటే ఉచితం.

పాడైన శుభలేఖ వెనక పెన్సిల్‌తో అన్నీ తెలుగులో రాసిచ్చాడు. కింద ‘2026 అక్టోబర్ 13 వరకు’ అని రెండు గీతలు గీశాడు. గోడకి అంటించాను.

రైలు పోయింది. రాత్రి పదింటికి లేచాడు. డబ్బిస్తే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

ఒక్క మాట బాధతో చెప్తున్నా. 2025 అక్టోబర్ 14 తర్వాత విండోస్ 10 ఉన్న సిస్టమ్ ఆగిపోతుందని భయపెట్టారు. ఆగింది మామూలుగా వచ్చే అప్‌డేట్లు, సిస్టమ్ కాదు. లైసెన్స్ సిస్టమ్‌తో వచ్చిందా, విడిగా కొనాలా, ఎన్నాళ్ళుంటుంది అన్నది మా బోటి వాళ్ళకి తెలుగులో ఒక్క కాగితం మీద ఎవరూ రాసివ్వరు. ఆ తెలియనితనం మీదే కొందరు బతుకుతున్నారు. బిల్లు ఇవ్వని లైసెన్స్ దయచేసి ఎవరూ కొనకండి.

తమ్ముడూ, హడావిడిలో నీ జిరాక్సులు ఇక్కడే మర్చిపోయావు. వాటి మీద పేరు, ఊరు ఉన్నాయి కానీ అందరికీ చూపించడం మర్యాద కాదని ఇక్కడ పెట్టలేదు. కవర్లో భద్రంగా ఉన్నాయి. ఈసారి కావలి వస్తే మా ఇంట్లో భోంచేసి వెళ్ళాలి.

మా ఆయన, పాప ఆ రాత్రంతా నాతోనే ప్రూఫులు దిద్దారు.

అయ్యో, పక్క మొబైల్ షాపు అన్నని మర్చిపోయాను. మా నెట్ పోతే అయిదు జీబీ పైన డౌన్‌లోడ్‌కి తన వైఫై ఇచ్చి, షాపు కట్టేయకుండా కూర్చున్నాడు. అడక్కుండానే మూడుసార్లు టీ పంపిన టీ కొట్టు బాబాయి కూడా. ప్రూఫ్ ఒక పూట ఆలస్యమైనా ఒక్క మాట అనని ఒక పెళ్ళికొడుకు నాన్నగారికి కూడా నమస్కారం.