ఎదురెళ్ళింది ఎవరు?

సంపాదకులకు నమస్కారం.

విదేశీ నాయకుడు ఎవరైనా ఢిల్లీలో దిగితే చాలు, విమానం దగ్గరికి ప్రధాని స్వయంగా వెళ్ళారా, సహాయ మంత్రిని పంపి సరిపెట్టారా అని మన పత్రికలూ చానళ్ళూ లెక్కలు తీస్తాయి. ఈ లెక్క కొత్తది కాదు. 15వ శతాబ్దపు ఇటలీలో అదొక శాస్త్రం. రాయబారిని పంపిన రాజు హోదాని బట్టి ఊరి బయటికి ఎంత దూరం ఎదురెళ్ళాలి, ఎంతమంది వెళ్ళాలి, విడిది ఎక్కడ ఇవ్వాలి అని చూసుకునేవారు. ఫ్లోరెన్స్ ప్రభుత్వ కొలువులో ఉన్న ఫ్రాంచెస్కో ఫిలరేటే 1470ల్లో ఎవరికి ఏ మర్యాద జరిగిందో పుస్తకంలోకి ఎక్కించడం మొదలుపెట్టాడు. మగపెళ్ళివారికి ఎదుర్కోలు చేసిన ఇంటివాళ్ళకి ఈ టెన్షన్ ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

ఆ మర్యాదని చూసి స్నేహం ఎంతో చెప్పేయడం దగ్గరే నాకు పేచీ. 1494లో ఫ్రాన్స్ రాజు ఎనిమిదో చార్లెస్ నేపుల్స్ రాజ్యం కోసం సైన్యంతో ఇటలీలోకి దిగి, ఫిలిప్ ద కొమీన్‌ని రాయబారిగా వెనిస్‌కి పంపాడు. ఫుసీనా రేవులో పాతికమంది పెద్దమనుషులు పట్టుబట్టల్లో ఎదురొచ్చారు. పడవెక్కించి నగరం దగ్గరికి తీసుకొస్తే, అక్కడ ఇంకో పాతికమంది, వాళ్ళతో పాటు ఇటలీలోని వేరే రాజ్యాలైన మిలాన్, ఫెరారాల రాయబారులు. ఆ ఇద్దరి మధ్యలో కూర్చోబెట్టారు. ఇటలీలో నడిమి చోటుదే గౌరవమట! అలాగే ఊరి మధ్య పెద్ద కాలవ, గ్రాండ్ కెనాల్ పొడవునా తీసుకెళ్ళారు. ఇదంతా ఆయనే రాసుకున్నాడు.

కొద్ది నెలలకే, 1495 మార్చి 31న, అదే వెనిస్‌లో పోపు, జర్మనీ రాజు మాక్సిమిలియన్, స్పెయిన్, మిలాన్, వెనిస్ కలిసి ఆయన రాజుకి వ్యతిరేకంగా కూటమి కట్టాయి. రాత్రి పొద్దుపోయాక విషయం ఖాయం చేసుకుని, తెల్లవారాక కొమీన్‌ని పిలిపించి చెప్పారు. భోజనాలయ్యాక కూటమి రాయబారులంతా బాజాలతో పడవల్లో ఆయన కిటికీ కిందుగానే వెళ్ళారు. అన్నాళ్ళూ వెంట తిరిగిన మిలాన్ రాయబారి కూడా ఎవరో తెలియనట్టు ముఖం పెట్టుకుని పోయాడు.

విమానాశ్రయం ఫొటో వేయండి, కాదనను. దాని పక్కన నాలుగు లైన్లు ఖాళీ ఉంచి, పోయిన పర్యటనలో కుదిరిన ఒప్పందాలు ఎంతవరకు వచ్చాయో కూడా రాయమని మనవి.

— ఒక రిటైర్డ్ చరిత్ర టీచర్, తెనాలి