కార్యక్రమం అయిపోయింది, ఇక మాట్లాడుకుందాం

అందరికీ నమస్కారం. మన సేవా కార్యక్రమం నిన్నటితో ముగిసింది. ఎంతమందికి ఏం ఇచ్చామన్న లెక్క తర్వాత చూద్దాం. నా మనసులో మాత్రం ఒక్కటే తిరుగుతోంది. ఒక పెద్దావిడకు దుప్పటి ఇవ్వబోతే, "దుప్పట్లు ఉన్నాయమ్మా, కాసేపు కూర్చుని మాట్లాడు" అన్నారు. ఏం కావాలో ముందే అడిగి ఉండాల్సింది.

మీకూ ఇలాంటివి ఎదురయ్యే ఉంటాయి. మనసుకు హత్తుకున్నదీ, బాధపెట్టినదీ ఇక్కడ రాయండి. టైప్ చేయడం కష్టమైతే వాయిస్ మెసేజ్ చాలు. సాయం అందుకున్నవాళ్ల పేర్లు, ఫొటోలు మాత్రం దయచేసి పెట్టొద్దు.

డిసెంబర్ 5 అంతర్జాతీయ వాలంటీర్ల దినోత్సవం. 1985లో ఐక్యరాజ్యసమితి నిర్ణయించిన రోజు. ఆ రోజు పెద్దావిడ దగ్గరికి మళ్లీ వెళ్తున్నాను, ఈసారి మాట్లాడటానికే. తోడు ఎవరొస్తారు?