డెంగీ మ్యాప్ జనం కళ్ల ముందు పెట్టండి

సంపాదకుల వారికి నమస్కారం.

వానలు పడితే చాలు, జిల్లా పేజీల్లో విషజ్వరాల వార్తలు మొదలవుతాయి. ఫలానా ఊరు మంచం పట్టిందని, ప్రైవేటు ఆసుపత్రుల్లో బెడ్లు దొరకడం లేదని రాస్తారు. పరిస్థితి అదుపులోనే ఉందని అధికారులు అంటారు. అన్నీ చదివాక కూడా అసలు కావాల్సిన కబురు మాత్రం తెలియదు. మన వీధిలో, పక్క వీధిలో డెంగీ ఉందా, లేదా? ఏ వార్డులో, ఏ వీధుల దగ్గర కేసులు గుంపుగా వస్తున్నాయో చూపించే ఆన్‌లైన్ మ్యాప్‌ను రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ అందరికీ అందుబాటులో పెట్టాలని కోరడానికే ఈ ఉత్తరం.

చాలా ఏళ్లు బడిలో జీవశాస్త్రం చెప్పినదాన్ని కాబట్టి దోమ సంగతి కాస్త వివరంగా చెబుతాను. డెంగీని మోసే ఏడిస్ దోమ పగటిపూట కుడుతుంది, మురుగులో కాకుండా నిలవ ఉన్న మంచినీళ్లలో గుడ్లు పెడుతుంది. పుట్టిన చోటు నుంచి మహా అయితే కొన్ని వందల మీటర్లు పోతుంది, అంతే. అందుకే కేసులు జిల్లా అంతటా ఒకేలా ఉండవు, నాలుగైదు వీధుల్లో ముసురుకుంటాయి. జిల్లాలో ఈ నెల ఇన్ని కేసులని చెబితే ఇల్లాలికి గానీ వార్డు సిబ్బందికి గానీ ఒరిగేదేమీ లేదు.

నిరుడు మా వీధిలో ఒకే వరసలోని ఇళ్లలో పిల్లలకు ఒకరి తర్వాత ఒకరికి జ్వరాలు వచ్చాయి. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయని ఒకటే టెన్షన్, బొప్పాయి ఆకు కోసం పరుగులు. ఆ జ్వరాలన్నీ ఒక్కచోటివేనని ముందుగా పసిగట్టింది మందుల షాపు కుర్రాడు. చివరికి చూస్తే వీధి మొదట్లో కడుతూ ఆపేసిన అపార్ట్‌మెంట్ ఉంది. లిఫ్ట్ కోసం తవ్విన గుంతలో వాన నీళ్లు నిలిచి ఉన్నాయి. టార్చి వేసి చూస్తే లార్వాలు తోక పైకి, తల కిందికి పెట్టి వేలాడుతున్నాయి. మా నీడ పడగానే మెలికలు తిరుగుతూ అడుక్కి దిగిపోయాయి. అంతకుముందు ఫాగింగ్ బండి మా వీధికి రాకపోలేదు, వచ్చింది. ఆ పొగకు ఎగిరే దోమలు చస్తాయేమో గానీ గుంతలో ఉన్నవాటికి ఏమీ కాదు.

రోజులు లెక్కేసుకోండి. దోమ కుట్టాక జ్వరం రావడానికి నాలుగు నుంచి పది రోజులు పడుతుంది. పరీక్ష, రిపోర్టు, పైవాళ్లకు కబురు, వాళ్ల నుంచి కింది సిబ్బందికి ఆదేశం, వీటన్నిటికీ ఇంకొన్ని రోజులు. ఈలోపు గుడ్డు దోమయ్యి ఎగరడానికి పది రోజులు చాలు. కబురు ఆలస్యమైన ప్రతిసారీ ఇంకో తరం దోమలు తయారవుతాయి.

ఇంతా చేసి మన దగ్గర సమాచారం లేకనా? సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం 2004 నుంచి నడుస్తోంది. దాన్ని ఆన్‌లైన్ చేసిన ఐహెచ్‌ఐపీ (సమగ్ర ఆరోగ్య సమాచార వేదిక)ను 2018 నవంబరులో ముందుగా ఏడు రాష్ట్రాల్లో మొదలుపెట్టారు, వాటిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. 2021 ఏప్రిల్ నుంచి దేశమంతటికీ విస్తరించారు. అంతకుముందు 18 వ్యాధులను గమనించేవారు, ఇందులో 33. ఏఎన్‌ఎం ఇంటింటికీ తిరిగి నమోదు చేసిన జ్వరం దగ్గర్నుంచి ల్యాబ్ రిపోర్టు దాకా అందులోకి చేరుతుంది, ఏ ఊరిదో తెలుస్తుంది. కానీ అది చూడాలంటే అధికారుల లాగిన్ ఉండాలి. డెంగీ మీద మామూలు జనానికి కేంద్రం వెబ్‌సైట్‌లో కనిపించేది రాష్ట్రాలవారీ మొత్తం అంకె. ఆ అంకె పెట్టుకుని నేను మా వీధిలో ఏం చేయగలను?

సింగపూర్‌లో ఈ పని ఎప్పటి నుంచో చేస్తున్నారు. 150 మీటర్ల లోపు, 14 రోజుల తేడాలో రెండు కేసులు వస్తే దాన్ని క్లస్టర్ అంటారు. పది కేసుల లోపైతే పసుపు రంగు, పది గానీ అంతకు మించి గానీ ఉంటే ఎరుపు. పోస్టల్ కోడ్ కొడితే తమ ఇల్లు అందులో ఉందో లేదో ఎవరికైనా కనిపిస్తుంది. మ్యాప్ ఉన్నంత మాత్రాన దోమలు చావవు, నిజమే. 2020లో అక్కడా 35 వేలకు పైగా కేసులు వచ్చాయి. అయినా ఎక్కడ వెతకాలో తెలిసింది, సిబ్బందికీ జనానికీ కూడా. మనకంటే డబ్బున్న దేశం కదా అంటారేమో, లాహోర్‌ను చూడండి. 2011లో డెంగీ ఆ నగరాన్ని అతలాకుతలం చేశాక పారిశుద్ధ్య సిబ్బంది చేతికి స్మార్ట్‌ఫోన్లు ఇచ్చారు. ఎక్కడ మందు చల్లారో అక్కడే ఫొటో తీసి పంపాలి, అది మ్యాప్ మీద పడుతుంది. పని చేయకుండానే చేశామని రాసుకోవడం కుదరదు. మన దేశంలో కొవిడ్ రోజుల్లో కొందరు వాలంటీర్లు కలిసి జిల్లాలవారీ లెక్కలను 2021 అక్టోబరు దాకా రోజూ జనం ముందు పెట్టారు. జీతం లేకుండా వాళ్లు చేయగలిగింది ప్రభుత్వం చేయలేదా?

జనం భయపడతారని అధికారులు అంటారు. అసలు సంగతి తెలియకపోవడం వల్లే భయం వస్తుంది. వాట్సాప్‌లో తిరిగే పుకారు కంటే సరైన మ్యాప్ వంద రెట్లు నయం.

ఒక్క విషయంలో మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. 2020లో క్వారంటైన్‌లో ఉన్నవాళ్ల ఇళ్లకు స్టిక్కర్లు అంటించారు, పక్క రాష్ట్రం కర్ణాటకలో ఏకంగా చిరునామాల జాబితానే బయటపెట్టారు. ఆ కుటుంబాలు పడ్డ అవమానం ఇంకెవరికీ వద్దు. మ్యాప్ మీద వీధుల గుంపు కనిపించాలి గానీ ఇల్లు, పేరు, ఫోన్ నంబరు కనిపించకూడదు.

లెక్క కూడా నిజాయితీగా ఉండాలి. ప్రైవేటు ఆసుపత్రులైనా డెంగీ కేసు వస్తే ప్రభుత్వానికి చెప్పాలన్న నిబంధన ఉంది. అయితే అక్కడికక్కడే ఫలితం చెప్పే కార్డు టెస్టులో పాజిటివ్ వస్తే సరిపోదు, ల్యాబ్‌లో చేసే ఎలైసా అనే రక్త పరీక్షలో తేలితేనే ప్రభుత్వం డెంగీగా లెక్కిస్తుంది. అలాగని మిగతావాటిని వదిలేస్తే ఎలా? నిర్ధారణ అయినవి ఒక రంగులో, అనుమానిత కేసులు ఇంకో రంగులో చూపించండి. ఎక్కడ ఎన్ని పరీక్షలు చేశారో కూడా పక్కనే పెట్టండి. పరీక్షలే చేయని చోట మ్యాప్ ఖాళీగా ఉంటే అక్కడ జబ్బు లేదనుకుంటారు, అది ఇంకా ప్రమాదం. ఇంటర్నెట్‌లో జనం వెతికే మాటలను బట్టి ఫ్లూని అంచనా వేస్తామని 2008లో గూగుల్ బయల్దేరింది. 2012-13 సీజన్‌లో అసలుకు రెట్టింపు దాకా చూపించి, 2015లో ఆపేసింది. ల్యాబ్ రిపోర్టుకు ప్రత్యామ్నాయం లేదు.

ముందుగా విజయవాడ, విశాఖ, హైదరాబాద్, వరంగల్ నగరాల్లో ఈ సీజన్‌లోనే మొదలుపెట్టవచ్చు. వారానికోసారి కాకుండా రోజూ మార్చాలి. గుంపు కనిపించిన చోటికి ఎవరు, ఎప్పుడు వెళ్లారో, ఏ గుంత పూడ్చారో, ఎక్కడ లార్వాలను తినే గంబూసియా చేపలు వదిలారో కూడా అందులో ఉండాలి. సగంలో ఆగిపోయిన భవనాల యజమానులకు ఇచ్చిన నోటీసుల వివరం కూడా పెడితే మంచిది. పాడేరు, ఉట్నూరు, భద్రాచలం వైపు ఏజెన్సీ గూడేల్లో మలేరియాకూ ఇదే పద్ధతి కావాలి. సిగ్నల్ అందని చోట ఆ మ్యాప్‌ను కాగితం మీద ప్రింట్ తీసి వారం వారం పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాలి, ఒక కాపీ ఆశా కార్యకర్త చేతికి ఇవ్వాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్,
విజయవాడ