బయటి గోడల కలప కొలత ఒప్పందంలోనే రాయాలి

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో కొత్త ఇళ్లు కట్టించుకుంటున్న తెలుగువారి గురించి మీ పత్రికలో వచ్చిన కథనం చదివాను. చెక్క చట్రంతో కట్టే బయటి గోడలకు 2×4 కలప (పేరుకు రెండంగుళాలకు నాలుగంగుళాలు) వద్దని, కాస్త ఖర్చయినా 2×6 వాడమని బిల్డర్‌ను పట్టుబట్టి అడగాలని, అలా చేస్తే వేడి, చలి రెండూ ఇంట్లోకి రావని అందులో సలహా ఇచ్చారు. ఆ సలహా తప్పని అనను గానీ, అది సగం మాటే. మిగతా సగం తెలియకపోతే కొనుగోలుదారు అదనపు డబ్బు కట్టి కూడా తాను ఆశించిన గోడను పొందకపోవచ్చు.

2×4 అని పిలిచే చెక్క ఎండి, చిత్రిక పట్టాక నిజానికి ఒకటిన్నర అంగుళాల మందం, మూడున్నర అంగుళాల వెడల్పు ఉంటుంది. 2×6 మందం కూడా అంతే, వెడల్పు మాత్రం ఐదున్నర అంగుళాలు. అంటే మనం అదనంగా కొనేది రెండు అంగుళాల లోతు. ఆ లోతులో వేడిని ఆపే ఇన్సులేషన్ ఎక్కువ పడుతుందన్నది 2×6కు అనుకూలంగా చెప్పే మొదటి కారణం. ఇన్సులేషన్ వేడిని ఎంతగా ఆపుతుందో ఆర్-విలువ చెబుతుంది, అంకె పెద్దదైతే మేలు. మూడున్నర అంగుళాల ఖాళీలో ఆర్-13 లేదా ఆర్-15 ఫైబర్‌గ్లాస్ పడితే, ఐదున్నర అంగుళాల ఖాళీలో ఆర్-21 దాకా పడుతుంది. (ఆర్-19 అని ముద్రించి అమ్మేది ఆరుంపావు అంగుళాల మందం గలది. దాన్ని ఈ గోడలో కుక్కితే నలిగి దాదాపు ఆర్-18కి దిగుతుంది. ఈ సంగతి అమ్మకం కాగితాల్లో కనిపించదు.)

అయితే ఆ అంకె గోడలో నిలువుగా నిలబెట్టే చెక్కల, అంటే స్టడ్‌ల మధ్య ఖాళీకి మాత్రమే వర్తిస్తుంది. స్టడ్‌లు, పైనా కిందా అడ్డంగా వేసే ప్లేట్లు, కిటికీల మీది హెడర్లు, మూలల్లో జత చేసే చెక్కలు అన్నీ కలిపితే, పదహారు అంగుళాల ఎడంతో కట్టిన గోడలో సుమారు పావు వంతు చెక్కే ఉంటుందని లెక్కల్లో తీసుకుంటారు. చెక్కకు అంగుళానికి ఆర్-1.25 కంటే పెద్దగా ఉండదు కాబట్టి వేడి ఆ దారినే సులువుగా జారిపోతుంది. ఈ పావు వంతును కలుపుకుని లెక్క వేస్తే, ఆర్-13 నింపిన 2×4 గోడ మొత్తం మీద ఆర్-12 దగ్గర, ఆర్-21 నింపిన 2×6 గోడ ఆర్-17 దగ్గర తేలుతాయి. ప్రచార పత్రంలో 21 చూసినవారికి చేతికొచ్చేది 17 అన్నమాట. తేడా ఉన్న మాట నిజమే, చెప్పినంత మాత్రం లేదు.

ఇంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. 2×4 గోడకే బయటివైపు, షీతింగ్ (స్టడ్‌ల మీద బిగించే చెక్క పలక) మీద, ఎక్కడా తెగకుండా ఆర్-5 నురుగు పలక ఒక పొర వేస్తే, అది చెక్కల మీదుగా కూడా పరచుకుంటుంది. అందువల్ల ఆర్-13కు ఆర్-5 జోడించిన 2×4 గోడనూ, ఆర్-20 నింపిన 2×6 గోడనూ ఇంధన కోడ్ (ఇళ్లలో ఇంధన ఆదాకు పెట్టిన నిర్మాణ నియమాలు) తన పట్టికలో చాలాకాలంగా ఒకే గడిలో, ఒకదానికొకటి ప్రత్యామ్నాయాలుగా చూపిస్తోంది. కనుక కలప కొలత ఒక్కటే చూసి ఇది మంచి గోడ, అది నాసిరకం అని తేల్చడం కుదరదు.

చలి ప్రాంతాల్లో చెమ్మ సంగతి కూడా చూడాలి. గోడ లోపల ఇన్సులేషన్ ఎంత పెరిగితే బయటి షీతింగ్‌కు ఇంటి వెచ్చదనం అంత తక్కువగా అందుతుంది. ఇంట్లోంచి సందుల గుండా చేరిన తేమ ఆ చల్లని పలక మీద నీరుగా మారుతుంది. అందుకే, లోపలివైపు ఆవిరిని అడ్డుకునే పొర లేకుండా పెయింటుతోనే సరిపెట్టాలంటే, షికాగో ఉన్న అయిదో వాతావరణ మండలంలో 2×4 గోడకు బయట ఆర్-5 చాలు, 2×6 గోడకు ఆర్-7.5 కావాలని నివాస గృహాల కోడ్ అడుగుతుంది. మినియాపొలిస్ ఉన్న ఆరో మండలంలో అవే అంకెలు 7.5, 11.25 అవుతాయి. లోతైన గోడ కావాలన్నవారు బయటి పొరను కూడా అంతకు తగ్గట్టు పెంచక తప్పదు.

బలం విషయానికి వస్తే, ఎక్కువ ఇళ్లకు 2×4 సరిపోతుంది. పది అడుగుల ఎత్తు మించని గోడల్లో, పైకప్పునూ ఒక అంతస్తునూ మోయడానికి పదహారు అంగుళాల ఎడంతో 2×4ను కోడ్ అనుమతిస్తుంది. రెండు అంతస్తులూ పైకప్పూ మీద పడే చోట మాత్రం అనుమతించదు, అక్కడ 2×6 కావాల్సిందే. రెండంతస్తుల ఎత్తు హాలు గోడలకు గాలి తాకిడి వల్ల వంగకుండా ఉండే గుణం ముఖ్యం. ఆ గుణం వెడల్పు ఘనాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 2×6 స్టడ్ దాదాపు నాలుగు రెట్లు గట్టిగా నిలుస్తుంది. గొట్టాల మాటా ఉంది. బరువు మోసే స్టడ్‌లో వెడల్పులో 40 శాతానికి మించి రంధ్రం చేయకూడదు కనుక, ఒకటిన్నర అంగుళాల డ్రెయిన్ గొట్టం 2×4లో చట్టప్రకారం పట్టదు, 2×6లో పడుతుంది.

కథనంలో అసలు ప్రస్తావనే లేనిది స్టడ్‌ల మధ్య ఎడం. 2×6 వేసి, ఎడం పదహారు అంగుళాలే ఉంచితే కలప సగానికి పైగా పెరుగుతుంది. అదే కలపను ఇరవై నాలుగు అంగుళాల ఎడంతో వేస్తే, గోడ పొడవునా స్టడ్‌లకు పట్టే చెక్క పదహారు అంగుళాల 2×4 గోడకంటే అయిదు శాతం మాత్రమే ఎక్కువ. ఒక అంతస్తూ పైకప్పూ మోసే గోడకు కోడ్ దీన్ని ఒప్పుకుంటుంది. వేడి జారిపోయే దారులూ తగ్గుతాయి. డ్రైవాల్ (గోడ లోపలివైపు బిగించే జిప్సం పలక) కాస్త అలలుగా కనిపిస్తుందని కొందరు బిల్డర్లు వెనకాడతారు, మందమైన పలక వాడితే ఆ అభ్యంతరం చాలావరకు తీరుతుంది. నా దృష్టిలో 2×6 కొనడానికి సరైన పద్ధతి ఇదే. కిటికీ చట్రాలు లోతుగా ఉండాల్సి రావడం, నలభై అడుగులకు ముప్ఫై అడుగుల ఇంట్లో ప్రతి అంతస్తుకూ ఇరవై మూడు చదరపు అడుగుల దాకా స్థలం తగ్గడం కూడా లెక్కలో వేసుకోవాలి.

ఊరిని బట్టి కూడా జవాబు మారుతుంది. వేసవిలో హ్యూస్టన్ ఇంటి గోడకు లోపలికీ బయటికీ ఉండే తేడా పది పన్నెండు సెల్సియస్ డిగ్రీలు, జనవరిలో మినియాపొలిస్ గోడకు అది నలభై డిగ్రీలకు చేరవచ్చు. హ్యూస్టన్‌లో ఆర్-13 నింపిన 2×4 గోడను రాష్ట్రాలు ఆధారంగా తీసుకునే 2021 నమూనా ఇంధన కోడ్ సైతం చాలంటుంది. అక్కడ అదనపు డబ్బును గాలి చొరబడే సందులు మూయడానికో, మంచి కిటికీలకో పెట్టడం మేలు. అదే కోడ్ ప్రకారం షికాగోలో బయటి పొర లేని ఆర్-20 2×6 గోడ చాలదు, దానికి ఆర్-5 పలక కూడా జోడించాలి. ఏ సంవత్సరపు కోడ్ అమలులో ఉందన్నది రాష్ట్రాన్నీ నగరాన్నీ బట్టి ఉంటుంది, స్థానిక భవన అనుమతుల కార్యాలయంలో అడిగితే చెబుతారు.

నేను ఈ లేఖ రాయడానికి అసలు కారణం ఒప్పంద పత్రం. కొత్త ఇల్లు అమ్మేవారు ఏ భాగంలో ఏ రకం ఇన్సులేషన్, ఎంత మందంలో, ఎంత ఆర్-విలువతో వేస్తారో అమ్మకపు ఒప్పందంలో రాయాలని వినియోగదారుల రక్షణ చూసే కేంద్ర సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1979లోనే నియమం పెట్టింది. కానీ ఆ నియమం అడిగేది ఇన్సులేషన్ అంకెనే. స్టడ్ కొలత, ఎడం, చెక్కతో కలిపి మొత్తం గోడకు వచ్చే విలువ అందులో లేవు. ఇంధన కోడ్ కోరే ధ్రువపత్రాన్ని ఇల్లు పూర్తయ్యాక ఇంట్లో కరెంటు ప్యానెల్ లాంటి చోట అతికిస్తారు. అప్పటికి డ్రైవాల్ మూసేసి ఉంటుంది, గోడలో ఏముందో మార్చే అవకాశం ఎవరికీ ఉండదు. ప్లాన్లకు అనుమతి ఇచ్చే కార్యాలయానికి బిల్డర్ ఈ వివరాల్లో చాలావరకు ముందే సమర్పిస్తాడు. అవే వివరాలను కొనేవారికి సంతకానికి ముందు ఒక పేజీలో ఇవ్వమనడం బిల్డర్ మీద మోయలేని భారమేమీ కాదు.

అలాంటి నిబంధనను రాష్ట్రాలు, నగరాలు తమ కోడ్ సవరణల్లో చేర్చాలని కోరుతున్నాను. కోడ్ మార్పులపై స్థానికంగా జరిగే బహిరంగ విచారణల్లో ఇల్లు కొనేవారు కూడా మాట్లాడవచ్చు. మీ తర్వాతి కథనంలో కలప కొలతతో పాటు ఎడం ఎంత, బయట తెగని పొర ఉందా, మొత్తం గోడ యూ-విలువ (ఆర్-విలువకు తలకిందులు, తక్కువైతే మేలు) ఎంత అన్న ప్రశ్నలను కూడా ప్రచురించవలసిందిగా మనవి.

భవదీయుడు,
ఒక పాఠకుడు