సిగ్నల్ దగ్గర చెయ్యి చాస్తే

అందరికీ నమస్కారం. పిల్లలు అడిగితే, చంకలో పసిబిడ్డతో ఎవరైనా వచ్చినా, డబ్బు ఇవ్వకండి. అది వాళ్ళని అడుక్కోవడానికి పెట్టినవాళ్ళకి చేరొచ్చు. 2015 బాలల న్యాయ చట్టం కింద అలా పెట్టడం 5 ఏళ్ళ వరకు జైలుపడే నేరం. చోటు, సమయం, గుర్తులు చెప్పి బాలల సహాయ లైన్ 1098కి ఫోన్ చేయండి. పిల్లల ఫొటోలు గ్రూపులో మాత్రం వద్దు. దిక్కులేని వృద్ధులైతే వృద్ధుల సహాయ లైన్ 14567.

ఆకలన్నవాళ్ళకి ఇడ్లీ పొట్లమో అరటిపండ్లో మేలు. రాత్రి ఫంక్షన్‌లో మిగిలిన సాంబారన్నం పొద్దున పంచకండి, పులిసిపోతుంది. ఆంధ్రలో అన్న క్యాంటీన్ దగ్గరుంటే పూటకి 5 రూపాయలే.

సేవాసంస్థకి విరాళమిచ్చేవాళ్ళు యూపీఐలోనే పంపండి. 2,000 రూపాయలు దాటిన నగదుకు 80జీ (విరాళాలపై ఆదాయపన్ను) మినహాయింపు రాదు (అదీ పాత పన్ను విధానంలో ఉంటేనే). ఉత్త రసీదు చాలదు, ఫారం 10బీఈ (సంస్థ ఇచ్చే విరాళం సర్టిఫికెట్) అడిగి తీసుకోండి.