ఇక్కడ టికెట్ ఇచ్చేది ఓటర్లే

సంపాదకులు గారికి,

నమస్కారం. నేను పెన్సిల్వేనియాలో, ఫిలడెల్ఫియాకు పడమరనున్న చెస్టర్ కౌంటీలో ఉంటాను. మీ పత్రిక రోజూ నెట్‌లో చదువుతాను. అమెరికా ఎన్నికల వార్తల్లో 'పార్టీ అధిష్ఠానం ఫలానా నేతను బరిలోకి దింపింది', 'సిట్టింగ్ సభ్యుడికి టికెట్ దక్కలేదు' తరహా వాక్యాలు కనిపించినప్పుడల్లా ఉత్తరం రాయాలనుకునేదాన్ని. ఇక్కడ అధిష్ఠానమూ లేదు, బీ-ఫారమూ లేదు. టికెట్ ఎవరికన్నది తేల్చేది ప్రైమరీలో, అంటే నవంబరు అసలు ఎన్నికకు ముందు పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, ఓటర్లే.

ఓటరుగా నమోదయ్యే ఫారంలోనే మా రాష్ట్రంలో పార్టీ గడి ఒకటి ఉంటుంది. డెమోక్రటిక్, రిపబ్లికన్, మరొకటి, లేదంటే ఏ పార్టీ కాదు. టిక్కు పెడితే చాలు, ఆ పార్టీ మనిషి అయిపోయినట్టే. సభ్యత్వ రుసుము కట్టక్కర్లేదు, కండువా కప్పేవాళ్లూ ఉండరు. నవంబరులో అవతలి పార్టీకి ఓటేసినా అడిగే నాథుడు లేడు. ఆ టిక్కు అసలు పనికొచ్చేది ప్రైమరీ రోజే.

ఎన్నికలప్పుడు నేను పోలింగ్ కేంద్రంలో పనిచేస్తుంటాను. ఉదయం ఏడింటి నుంచి రాత్రి ఎనిమిది దాకా పోలింగ్. ప్రైమరీ నాడు మా దగ్గరుండే ఓటర్ల జాబితాలో పేరు పక్కన పార్టీ చూసి, ఆ పార్టీ బ్యాలెట్ కాగితమే చేతికిస్తాం. ఏ పార్టీ రాయించుకోనివాళ్లకు అభ్యర్థులను ఎంచుకునే అవకాశమే లేదు. 2024 ఏప్రిల్ 23న మన తెలుగాయనే ఒకరు వచ్చారు. కొత్తగా సిటిజన్‌షిప్ వచ్చిందట, ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వచ్చారు. ఏ పార్టీ రాయించుకోలేదు గనుక ఓటు కుదరదని చెప్పగానే మొహం ఎర్రబడింది. "పౌరసత్వం ఇచ్చి ఓటు ఇవ్వకపోవడం ఏంటమ్మా?" అని తెలుగులోనే నిలదీశారు. పార్టీ రాయించుకునే గడువు 15 రోజుల ముందే అయిపోయిందని చెప్పడం తప్ప నా చేతిలో ఏముంది? ఆయన కోపంలో న్యాయముంది. ప్రైమరీ ఖర్చు ప్రజల పన్నుల్లోంచే పోతుంది, ఆ పన్నులు ఆయనా కడుతున్నారు.

అన్ని రాష్ట్రాల్లోనూ ఇదే రూలు కాదు. టెక్సస్, వర్జీనియాల్లో ఓటరు నమోదులో పార్టీ ఊసే ఉండదు. ప్రైమరీ రోజు ఏ పార్టీ బ్యాలెట్ కావాలంటే అది అడిగి తీసుకోవచ్చు. కాలిఫోర్నియాలో సెనేట్, ప్రతినిధుల సభ సీట్లకు అందరి పేర్లూ ఒకే బ్యాలెట్ మీద ఉంటాయి, మొదటి ఇద్దరూ నవంబరుకు వెళ్తారు. 2016లో అక్కడ సెనేట్ సీటుకు కమలా హ్యారిస్ తలపడింది మరో డెమోక్రాట్‌తోనే.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, ప్రతినిధుల సభలోని 435 సీట్లలో ఎక్కువ భాగం ఏదో ఒక పార్టీకి కంచుకోటలు. చాలాచోట్ల నియోజకవర్గాల గీతలు గీసేది రాష్ట్ర శాసనసభలే, వాటిని తమకు అనువుగా గీసుకోవడమూ మామూలే. అలాంటి సీట్లలో అసలు పోటీ ప్రైమరీతోనే ముగిసిపోతుంది. 2014లో సభలో రిపబ్లికన్ల మెజారిటీ నాయకుడిగా ఉన్న ఎరిక్ క్యాంటర్ వర్జీనియా ప్రైమరీలో ఓ ప్రొఫెసర్ చేతిలో ఓడిపోయారు. 2022లో వయోమింగ్‌లో, ట్రంప్‌ను వ్యతిరేకించిన సభ్యురాలు లిజ్ చెయినీని ఇంటికి పంపింది రిపబ్లికన్ ప్రైమరీయే. పార్టీ మాట కాదంటే ఇక్కడ సభ్యత్వం పోదు, ఫిరాయింపుల చట్టం లేదు. భయమల్లా వచ్చే ప్రైమరీ గురించే. ట్రంప్‌కు ఆయన పార్టీవాళ్లు ఎందుకంత జడుస్తారని రాసే మీ విశ్లేషకులు ఈ ముక్క ఒకటి చేరిస్తే సగం చిక్కు విడిపోతుంది.

2024లో బైడెన్ తప్పుకున్నాక హ్యారిస్‌ను డెలిగేట్లే, అంటే పార్టీ ప్రతినిధులే, ఖరారు చేశారు కదా అంటారేమో. నిజమే. కానీ బైడెన్ అప్పటికే ప్రైమరీలు గెలిచి ఉన్నారు. మాటిమాటికీ జరిగే పని కాదది.

పనిలో పనిగా ఇంకొకటి. దేశం మొత్తం మీద ఎవరు ఎన్ని శాతం ముందున్నారో చెప్పే సర్వేలను దయచేసి పెద్ద అక్షరాల్లో వేయకండి. 2016లో హిల్లరీకి ట్రంప్ కంటే 28 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువొచ్చాయి, అయినా ఓడిపోయారు. అధ్యక్షుణ్ని తేల్చేది రాష్ట్రాల వారీగా ఉండే ఎలక్టోరల్ ఓట్లే. మా పెన్సిల్వేనియాలో సుమారు 44 వేల తేడాతో అప్పటి 20 ఎలక్టోరల్ ఓట్లూ ట్రంప్‌కు పోయాయి. మొత్తం 538లో 270 ఎవరికొస్తే వాళ్లదే అధ్యక్ష పదవి.

2026 నవంబరు 3న, అధ్యక్షుడి పదవీకాలం మధ్యలో వచ్చే మధ్యంతర ఎన్నికలున్నాయి. ఆ ఫలితాలు మీరు ఎలాగూ మొదటి పేజీలో వేస్తారు. దాంతో పాటు, హోరాహోరీ సీట్ల అభ్యర్థులు ఏ ప్రైమరీలో ఎవరిని ఓడించి వచ్చారో, ఆ ప్రైమరీలో ఎవరెవరికి ఓటుందో లోపలి పేజీలోనైనా ఒక పట్టికగా ఇవ్వమని మనవి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
చెస్టర్ కౌంటీ, పెన్సిల్వేనియా